జగడం పీరియడు

ఆ బడిలో పెద్ద తరగతులకు ఇంగ్లీషు చెప్పే టీచరుకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. అది జీతాల గుమాస్తాకు తప్ప మరెవరికీ గుర్తు లేదు. పిల్లలందరికీ ఆవిడ మళ్ళీ టీచర్. ఎవడైనా లేచి ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి, హమ్మయ్య, గండం గడిచిందనుకుని కూర్చోబోతుంటే, ఆవిడ సుద్దముక్కతో బల్ల మీద టక్కున ఒకటి కొట్టి "మళ్ళీ" అంటుంది. మళ్ళీ చెబితే "ఇప్పుడు నా మొహం చూస్తూ మళ్ళీ" అంటుంది. అదీ అయితే "ఇప్పుడు వెనక బెంచీకి వినపడేలా మళ్ళీ." అప్పటికి ఆ కుర్రవాడికి ఆ వాక్యం మీదే కాదు, బతుకు మీదే విరక్తి పుడుతుంది. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ వాక్యాన్ని మాత్రం జన్మలో మరిచిపోడు.

మనిషి పొట్టి, నడక పెద్దది. భుజాన గుడ్డసంచీ, కుడిచేతి వేళ్ళకు ఎప్పుడూ సుద్దపొడి. ఆవిడ తరగతి గది మెట్లెక్కగానే మొదటిది. ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. పక్క గదికీ ఆ గదికీ మధ్య గోడలో, పైన, చెక్క పలకల కంత ఒకటి ఉంది. పక్క గదిలో లెక్కల మాస్టారు చెప్పే సూత్రాలు ఇటూ, ఇటు ఇంగ్లీషు అటూ ఆ కంతలోంచే రాకపోకలు సాగిస్తుంటాయి. ఈ కంతను కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక ఆ బడిలో ఇంగ్లీషు ఎలా ఉండేదో చెప్పకపోతే కథ నడవదు. చివరి తరగతి పిల్లలకు రాత పరీక్ష కాక నోటి పరీక్ష కూడా ఉంటుంది. బయటి నుంచి ఒక పరీక్షాధికారి వచ్చి, ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి ఇంగ్లీషులో మాట్లాడిస్తాడు. అందులో తప్పితే మిగతావన్నీ పాసైనా దండగే. అందుకని ఒక గైడు పుట్టింది. పరీక్షలో ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న అడుగుతారో, దేనికేం చెప్పాలో వరసగా అచ్చేసి పెట్టారందులో. నీ హాబీ ఏమిటి? స్టాంపులు సేకరించడం. అంతే. ఏళ్ళ తరబడి ఆ బడిలో చదివిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ స్టాంపులే సేకరించారు. అందులో ఒక్కరు కూడా స్టాంపు మొహం చూసిన పాపాన పోలేదు. నీ ప్రాణస్నేహితుడు ఎవరు? గైడులో ఉన్నవాడే. వాళ్ళ నాన్న డాక్టరు, వాళ్ళమ్మ చక్కగా పాడుతుంది, వాడు రోజూ పెందలాడే లేస్తాడు. బడి మొత్తానికి ఒక్కడే ప్రాణస్నేహితుడు! అంతమందితో తిరుగుతూ వాడు ఎప్పుడు చదివేవాడో గానీ, ఏటా క్లాసు ఫస్టు వచ్చేవాడు.

నవ్వకండి. మళ్ళీ టీచర్ కూడా చిన్నప్పుడు స్టాంపులు సేకరించింది.

ఆవిడ తండ్రి దర్జీ. ఇంట్లో ఇంగ్లీషు ముక్క తెలిసినవాళ్ళు లేరు. గైడు మొత్తం వల్లెవేసి, నూనె రాసి దువ్విన జడతో నోటి పరీక్షకు వెళ్ళింది. హాబీ అడిగారు. స్టాంపుల గురించి మొదటి రెండు వాక్యాలు గడగడా చెప్పింది. మూడోది రాలేదు. పరీక్షాధికారి తల కూడా ఎత్తకుండా "నెక్స్ట్" అన్నాడు. ఆవిడ "థాంక్యూ సార్" అని, తలుపు దగ్గరగా వేసి మరీ బయటికొచ్చింది. ఎంత బుద్ధిమంతురాలో చూడండి, తనను తోసేసినవాడికి థాంక్యూ చెప్పింది!

బస్ స్టాపులో నిలబడ్డాక నోరు తెరుచుకుంది. నా దగ్గర స్టాంపులు లేవు సార్, మా నాన్న కుట్టుమిషను కింద గుండీల డబ్బా ఉంది, అందులో ఏ గుండీ ఏ చొక్కాదో నాకు తెలుసు, అది చెప్పనా? ఈ మాటలన్నీ ఇంగ్లీషులోనే వచ్చాయి, వచ్చీరానివి, కానీ సొంతవి. వెనక్కి వెళదామని రోడ్డు సగం దాటింది. ఇంతలో బస్సు వచ్చింది. ఎక్కేసింది. ఆ ఏడు పోయింది. మరుసటి ఏడు అదే గైడు, అవే స్టాంపులు, పాసయింది. కానీ ఆ బస్సు ఎక్కినందుకు తన మీద తనకు కలిగిన కోపం ఆవిడకు ఇప్పటికీ పోలేదు. ఆ కోపంతోనే డిక్షనరీ ముందేసుకుని పేపర్లు చదివింది, ఆ కోపంతోనే టీచరయింది.

టీచరయితే అయింది గానీ, పిల్లల నోరు తెరిపించడం ఎలాగో మొదట్లో ఆవిడకు పాలుపోలేదు. ప్రశ్న వేస్తే గుడ్లప్పగించి చూసేవారు. బయట బెల్లు కొట్టగానే తెలుగులో ఆకాశం దద్దరిల్లేలా మాట్లాడుకునే మూకే, ఇంగ్లీషనేసరికి బెల్లం కొట్టిన రాళ్ళయిపోయేవారు. ఆ చిక్కు విడదీసింది ఎవరనుకున్నారు? ఆవిడ అత్తగారు.

అత్తగారికి ఇంగ్లీషులో ఎస్, నో తప్ప రావు. పై వాటాలో కొత్తగా దిగిన అద్దె మనిషికి ఇంగ్లీషు తప్ప ఏదీ రాదు. ఆయన గారు మొక్కలకు నీళ్ళు పోస్తే ఆ మట్టినీళ్ళన్నీ అత్తగారు ఆరేసిన దుప్పట్ల మీద పడేవి. ఒకరోజు అత్తగారు కొంగు బిగించి మెట్లెక్కింది. "మై దుప్పటి! యువర్ వాటర్! వై? నో! స్టాప్!" అంటూ ఆయన్ను కడిగి పారేసింది. ఆయన ఇంగ్లీషులో ఏవేవో సంజాయిషీలు చెప్పబోయాడు. అత్తగారు "నో బట్!" అంది. ఆ 'బట్' అన్న మాట ఆవిడకెలా తెలుసో ఆ పైవాడికే ఎరుక. ఆ సాయంత్రమే కుండీల కింద పళ్ళాలు వెలిశాయి.

కిందికి దిగొచ్చి, నీళ్ళు తాగి, "అమ్మాయ్, గెలిచానా లేదా?" అని కోడలిని అడిగింది.

"గెలిచావు అత్తయ్యా! అసలు నీకా మాటలన్నీ ఎలా వచ్చాయి?"

"వస్తాయే, ఎందుకు రావు? తడిసింది నా దుప్పటి. మాటలు వెతుక్కుంటూ కూర్చుంటే ఇంకోటి తడవదూ?"

కోడలు ఆ మాట పట్టుకుంది. ఆ వచ్చిన శుక్రవారం ఆఖరి పీరియడులో బెంచీలు రెండు పక్కలకూ జరిపించి, మధ్యలో ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టింది. "నువ్వు దర్జీవి. నువ్వు చొక్కా కుట్టమని ఇచ్చావు. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. పోట్లాడుకోండి. ఇంగ్లీషులో" అంది. పిల్లలు ముక్కున వేలేసుకున్నారు. టీచరమ్మే దగ్గరుండి తగువు పెట్టించడం వాళ్ళు ఎక్కడా చూడలేదు మరి.

దానికి ఆవిడ పెట్టిన నియమాలు కొన్నే. బూతు మాట రాకూడదు. ఏడవకూడదు. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగాలి. తెలుగులో ఎంత గొప్పగా దులిపేసినా లెక్కలోకి రాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరిది: నీకేం కావాలో చెప్పకుండా తగువులోంచి బయటికి రాకూడదు. చాలామంది అక్కడే చతికిలబడేవారు. అరుస్తారు, కానీ ఏం కావాలని అడిగితే నీళ్ళు నములుతారు. "అరిచావు, బాగుంది. నీకేం కావాలి? కొత్త చొక్కానా? క్షమాపణా? గుడ్డ వాపసా? అది చెప్పు. మళ్ళీ!"

అలా మొదలైంది జగడం పీరియడు. బస్సు కండక్టరూ ప్రయాణికురాలూ, ఇంటాయనా అద్దెకున్నాయనా, డాక్టరూ రోగీ, అందరూ ఆ గదిలో ఇంగ్లీషులో కొట్లాడుకున్నారు. వ్యాకరణం కాళ్ళూ చేతులూ విరిగి పడుంటే పడుండేది, ఆవిడ సోమవారం వచ్చి కట్లు కట్టేది. ఇంటికెళ్ళగానే అత్తగారు గుమ్మంలోనే అడిగేది: "ఇవాళెవరు గెలిచారే?"

లెక్కల మాస్టారు మాత్రం కంతలోంచి మొరపెట్టుకున్నాడు. "అమ్మా తల్లీ, నేనిక్కడ త్రికోణం గీస్తుంటే అటునుంచి ఎవరో నా రూఫ్, నా రూఫ్ అని గుండెలు బాదుకుంటున్నారు. మా పిల్లలు త్రికోణం వదిలేసి, ఆ రూఫు సంగతేమైందని నన్నడుగుతున్నారు." ఫిర్యాదు చేసిన మనిషే, తర్వాత తర్వాత శుక్రవారాలు కుర్చీని కంత కిందికి లాక్కుని కూర్చోవడం అందరూ చూశారు.

సరే, ఇంతకూ మన కథలో అసలు మనిషి ఇంకా రాలేదు. ఆ ఏడు ఆఖరి తరగతిలో వెనక బెంచీలో ఒక పొడగరి పిల్ల చేరింది. అప్పటికే వేరే బడిలో ఒకసారి నోటి పరీక్ష తప్పి, ఇక్కడ అదే తరగతి మళ్ళీ చదువుతోంది. తరగతిలో పెదవి విప్పదు. అందుకని తోటివాళ్ళు మూగనోము అని పేరు పెట్టారు. ఏ ప్రశ్న వేసినా లేచి నిలబడుతుంది, నేల చూస్తుంది, కూర్చోమనేదాకా అలాగే ఉంటుంది. ఆ బడిలో ఒక రూలుంది. రెండుసార్లు తప్పినవాళ్ళ పేరు కొట్టేస్తారు. అంటే ఈసారి తప్పితే ఆ పిల్ల చదువుకు మంగళం పాడినట్టే. తండ్రి లేడు. తల్లి ఆసుపత్రిలో ఆయా. కూతురు నర్సయి అదే ఆసుపత్రిలో తెల్ల బట్టలతో తిరగాలని ఆవిడ కోరిక. కూతురి కోరికా అదే. అది ఎవరికీ చెప్పుకోలేదు, అంతే.

మళ్ళీ టీచర్ ఆ పిల్ల కోసం పడని పాట్లు లేవు. బుజ్జగించింది, కసిరింది, పక్కన కూర్చోబెట్టుకుంది. కొరకరాని కొయ్య. ఇక దీనికి నిజంగానే నోట్లో నాలుక లేదేమో అనుకుంటున్న రోజుల్లో, ఒక సాయంత్రం బస్సులో వెనక సీట్లో కూర్చుని ఉండగా ముందునుంచి గొంతు వినపడింది.

"ఏం కండక్టరు గారూ, స్టాపుంది కాబట్టి ఆపాలి! మీకు మనసైతే ఆపి, లేకపోతే పోడానికి ఇది మీ పెళ్ళి ఊరేగింపా?"

"దిగేది నువ్వొక్కదానివే కదమ్మా, ముందు స్టాపులో దిగు."

"ఒక్కదాన్నయితే మనిషిని కానా? ఆ ముసలాయన కర్ర పట్టుకుని అక్కడ నిలబడ్డాడు, కనపడట్లేదా? ఆయన్నీ ముందు స్టాపుకి పరిగెత్తమంటారా? డ్రైవరు గారూ, మీరన్నా వినండి!"

బస్సు ఆగింది. డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు. ముసలాయన ఎక్కాడు. పిల్ల దిగింది, మూగనోము! మళ్ళీ టీచర్ నోరెళ్ళబెట్టింది. తర్వాత ఆవిడకు ఒళ్ళు మండింది. 'ఓసి నీ దుంపతెగ! ఇన్నాళ్ళూ నన్నెంత ఏడిపించావే' అనుకుంది. ఆ మండే ఒంటితోనే ఇంటిదాకా నడిచింది. దాన్ని మాట్లాడించకపోతే నా పేరు మళ్ళీ టీచరే కాదు అనుకుంది.

శుక్రవారం రాగానే పిల్లను మధ్యలో నిలబెట్టి, కండక్టరుగా తానే ఎదురు నిలబడింది. "ఆపను. ముందు స్టాపులో దిగు" అంది ఇంగ్లీషులో. పిల్ల నేల చూసింది. "కర్ర పట్టుకున్న ముసలాయన ఉన్నాడా? ఉంటే ఉండనీ. పరిగెత్తమను" అంది టీచర్. పిల్ల చటుక్కున తలెత్తింది. బస్సులో టీచర్ ఉందని అప్పుడర్థమైంది. మొహం జేవురించింది. తెలుగులో ఏదో అనబోయింది. సుద్దముక్క టక్కుమంది. "తెలుగు లెక్కలోకి రాదు. ఆపనంటే ఆపను."

"నో" అంది పిల్ల.

మూగనోము చెల్లింది!

"ఏం నో?"

"నో. స్టాప్. ఓల్డ్ మ్యాన్." ఆగింది. పళ్ళు బిగించింది. "ఓల్డ్ మ్యాన్ నాట్ రన్. యు రన్!"

పిల్లలు బెంచీలు చరిచారు. కంత అవతల లెక్కల మాస్టారు కూడా చప్పట్లు కొట్టాడని వినికిడి. ఆ తర్వాత ఇక శుక్రవారం వస్తే ఆ పిల్లకు ఎదురు నిలబడడానికి మగపిల్లలు కూడా జంకేవారు. మాటలు తప్పుల తడకలే. కానీ తనకేం కావాలో అడగడంలో దాన్ని మించినవాళ్ళు లేరు.

అంతా బాగానే ఉందనుకుంటే కథ ఎందుకవుతుంది? ప్రిన్సిపాల్ గారున్నారు కదా! ఆయనకు పిల్లలు పెట్టిన పేరు నూటికి నూరు. బడి గేటు మీద ఏటా ఉత్తీర్ణత నూటికి నూరు అని రాయించుకోవాలని ఆయన పంతం. చెడ్డవాడు కాడు, పాపం. కానీ ఆ గేటు మీది బోర్డు కంటికి అడ్డమొచ్చి పిల్లలు కనపడరు. పరీక్షలు దగ్గరపడగానే ఆవిడను గదికి పిలిపించాడు.

"అమ్మా, శుక్రవారం మీ గదిలోంచి వచ్చే గోల గేటు దాకా వినిపిస్తోంది. ఇది బడా, కుళాయి దగ్గర తగువా? ఇవాళ్టి నుంచి ఆపండి. గైడు చెప్పండి."

"గైడు అందరూ అప్పజెబుతారు సార్. మధ్యలో ఒక మాట మరిచిపోతే చేతులెత్తేస్తారు. నా పిల్లలు చేతులెత్తరు."

"ఆ రెండోసారి రాసే పొడగరి పిల్లో? అది తప్పిందంటే పేరు కొట్టేస్తాను. రూలు రూలే. ఆ తర్వాత మీరు నన్ననుకుని లాభం లేదు."

"నాకేం కావాలో చెప్పమంటారా సార్?" అంది ఆవిడ. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగి, కళ్ళలోకి చూస్తూ అంది. "నాకా శుక్రవారం పీరియడు కావాలి. అంతే."

ప్రిన్సిపాల్ ఇవ్వలేదు. ఇవ్వకపోగా, ఆ పిల్లను తన గదికి పిలిపించుకుని, రోజూ మధ్యాహ్నం తానే గైడు బట్టీ పట్టించసాగాడు. స్టాంపులు మొదలయ్యాయి. ప్రాణస్నేహితుడు మళ్ళీ పెందలాడే లేచాడు. వారం తిరక్కుండా పిల్ల కళ్ళు నేలకు దిగిపోయాయి. మెట్ల మీద ఎదురైనప్పుడు మళ్ళీ టీచరుకు గుండె కలుక్కుమంది. చేతిలో నిలిపిన దీపాన్ని ఎవరో ఉఫ్ మని ఊదేసినట్టనిపించింది.

పరీక్షకు ముందురోజు పిల్లను ఆపి, "గైడు చెప్తావో, నీ సొంతం చెప్తావో నీ ఇష్టం. ఎవరూ నిన్ను తప్పుపట్టరు. కానీ మన ఆఖరి నియమం గుర్తుందా?" అంది.

"ఉంది టీచర్" అంది పిల్ల నేలను చూస్తూ.

"ఏంటి?"

"ఏం కావాలో చెప్పకుండా రాకూడదు."

"మళ్ళీ."

పిల్ల మళ్ళీ చెప్పింది. గొంతులో ప్రాణం లేదు.

పరీక్షాధికారి వచ్చాడు. బట్టతల, దళసరి కళ్ళజోడు, ఏళ్ళ తరబడి ఊరూరా ఇవే స్టాంపుల కథలు విని విని విసిగిపోయిన మొహం. నోటి పరీక్షకు మళ్ళీ టీచర్ గదినే ఇచ్చారు. తన తరగతి పిల్లల పరీక్ష జరిగేచోట టీచరు ఉండకూడదు కాబట్టి, ఆవిడను పక్కన లెక్కల మాస్టారి గదిలో కూర్చోబెట్టారు. కంత కింద!

పరీక్షాధికారి విసుగుకొద్దీ ఒక పని చేశాడు. వరస మార్చేశాడు. మొదట పేరడిగి, తర్వాత బడి సంగతి అడగాల్సింది, పిల్లలు కూర్చోగానే నీ హాబీ ఏమిటన్నాడు. గైడులో మొదటి జవాబే నోట్లో పెట్టుకొచ్చిన మొదటి కుర్రవాడు తన పేరు చెప్పాడు. ప్రాణస్నేహితుడు ఎవరంటే, మా బడికి రెండు మేడలూ ఒక ఆటస్థలమూ ఉన్నాయన్నాడు. రెండోవాడూ అంతే. కంత అవతల లెక్కల మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. కొంతమంది మాత్రం, జగడాల్లో నలిగినవాళ్ళు, ఒకసారి తడబడి, "సారీ సార్, మళ్ళీ అడగండి" అని నిలదొక్కుకున్నారు. అలా ఒక్కో గొంతూ నిలబడిన కొద్దీ టీచర్ వేళ్ళు సుద్దముక్కను బిగించి పట్టాయి.

పొడగరి పిల్ల వంతొచ్చింది. కుర్చీ జరిగిన చప్పుడు.

"నీ హాబీ?"

"మై హాబీ ఈజ్ స్టాంప్ కలెక్షన్" అంది చిలకలా. తర్వాతి వాక్యం చెప్పింది. మూడోది రాలేదు.

పక్క గదిలో మళ్ళీ టీచర్ కళ్ళు మూసుకుంది. రా తల్లీ, రా. ఏదో ఒకటి అను.

కాగితం మీద కలం గీసిన చప్పుడు.

"నెక్స్ట్" అన్నాడాయన.

"థాంక్యూ సార్" అంది పిల్ల.

తలుపు తెరుచుకుంది, మూసుకుంది. పిల్ల వరండాలోకొచ్చి నిలబడింది. కిటికీలోంచి కనపడుతోంది. భుజాలు వంగిపోయి, చేత్తో జడ కొస పట్టుకుని ఉంది. మళ్ళీ టీచర్ లేచి నిలబడింది. వెళ్ళి దాన్ని కావలించుకోవాలనిపించింది. వెళ్ళి ఆ మనిషిని నాలుగు దులపాలనిపించింది. వెళితే పిల్ల పరీక్ష రద్దవుతుంది. వెళ్ళకపోతే పేరే కొట్టేస్తారు. తన చిన్నప్పటి బస్ స్టాపు కళ్ళముందు నిలబడింది. అయ్యో, ఇదీ బస్సెక్కేస్తుంది అనుకుంది. ఏం చేస్తున్నదో తెలియకుండానే సుద్దముక్క పట్టుకున్న చెయ్యి పైకెత్తింది.

సుద్దముక్క బల్లను తాకకముందే ఆ పిల్ల వెనక్కి తిరిగింది. తలుపు తోసుకుని లోపలికి పోయింది.

ఇక అక్కడినుంచి జరిగిందంతా ఇంగ్లీషులోనే. ముక్కలు ముక్కల ఇంగ్లీషు. మన సౌకర్యం కోసం తెలుగులో చెప్పుకుందాం.

"సార్, నాది అవలేదు."

"అయింది. నెక్స్ట్ అన్నానుగా."

"మీది అయింది. నాది అవలేదు. నేను అబద్ధం చెప్పాను సార్. నా దగ్గర స్టాంపులు లేవు. నాకు హాబీ లేదు. నాకు ఇద్దరు చిన్న తమ్ముళ్ళున్నారు."

పరీక్షాధికారి కలం కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "మరి స్టాంపులని ఎందుకు చెప్పావు?"

"అందరూ చెప్తారు సార్. మీకు తెలీదా? ఏటా వింటారుగా. మీరెందుకు ఊరుకుంటారు?"

లెక్కల మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ టీచర్ నోటికి చేతిని అడ్డం పెట్టుకుంది.

"నాతో పోట్లాడుతున్నావా?" అన్నాడాయన.

"అవును సార్. కానీ బూతులు లేవు. ఏడవట్లేదు. మీ మాట అయ్యేదాకా ఆగుతున్నాను."

"నీకేం కావాలి?"

ఎంత తిన్నగా వచ్చి పడిందో చూడండి ఆ ప్రశ్న! దానికోసమే కదా ఏడాది పొడవునా శుక్రవారాలు ఖర్చయింది.

"ఇంకో ప్రశ్న కావాలి. గైడులో లేనిది. నేను చెప్పలేకపోతే అప్పుడు తప్పించండి, నేనే వెళ్ళిపోతాను. చెబితే పాస్ చెయ్యండి. మా అమ్మ ఆసుపత్రిలో ఆయా. నేను నర్సునవ్వాలి."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్న చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు మారింది. "సరే. నువ్వు నర్సువి. నేను రోగిని. మందు చేదుగా ఉంది. నేను తాగను. ఏం చేస్తావు?"

అమాయకుడు! అడగక అడగక ఆ పిల్లనా ఆ ప్రశ్న అడగడం! డాక్టరూ రోగీ తగువులో అది తరగతి మొత్తాన్నీ నాకౌట్ చేసిన మనిషి. తాగాలంది. ఎందుకు తాగరంది. చేదైతే నేనేం చెయ్యను, మందు మిఠాయా అంది. మీ ఇంట్లో మీకోసం చూసేవాళ్ళు లేరా అంది. ఆయన తాగనంటే తాగనని మొండికేశాడు. అప్పుడా పిల్ల గొంతు తగ్గించి, "సరే సార్, నేనిక్కడే నిలబడతాను. మీరు తాగేదాకా. రాత్రంతా నిలబడతాను. మా అమ్మ అలాగే నిలబడుతుంది" అంది.

ఆయన దగ్గాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడని తర్వాత పిల్ల చెప్పింది.

"తాగాను" అన్నాడు. "పాస్. ఇక వెళ్ళు."

"థాంక్యూ సార్" అంది పిల్ల. ఈసారి ఆ మాట వెనక బెంచీకి కూడా వినిపించేలా ఉంది.

లెక్కల మాస్టారు మళ్ళీ టీచర్ వంక తిరిగి ఏదో అనబోయాడు. ఆవిడ ఏడుస్తోంది. ఏడవకూడదన్న నియమం పిల్లలకే గానీ తనకు లేదన్నట్టు, దాపరికం లేకుండా, సుద్దపొడి చేత్తోనే మొహం తుడుచుకుంటూ ఏడ్చింది. మొహమంతా తెల్లగా అయింది. ప్రిన్సిపాల్ గారు విషయం విని, వచ్చే ఏటి టైం టేబిల్లో శుక్రవారం ఆఖరి పీరియడును తిరిగి ఆవిడకే రాసిచ్చాడు. అయితే కిటికీలు వేసుకోవాలని షరతు పెట్టాడు. అంతమాత్రం పరువైనా మిగుల్చుకోనివ్వాలి కదా ఆయన్ను.

ఆ సాయంత్రం టీచరూ పిల్లా ఒకే బస్ స్టాపులో నిలబడ్డారు. ఎన్నడూ ఎవరికీ చెప్పనిది, మొగుడికి కూడా చెప్పనిది, ఆ రోజెందుకో ఆవిడ నోట వచ్చేసింది. స్టాంపులు, మూడో వాక్యం, నెక్స్ట్ అన్న మాట, గుండీల డబ్బా, సగం దాటిన రోడ్డు, అన్నీ చెప్పింది. పిల్ల మధ్యలో అడ్డురాకుండా, మాట పూర్తయ్యేదాకా విన్నది.

"మరి వెనక్కెందుకు వెళ్ళలేదు టీచర్?"

"బస్సొచ్చేసిందే."

పిల్లకు నిజంగానే కోపమొచ్చింది. "వస్తే? బస్సుదేముంది! నేనుంటే ఆపేసేదాన్నిగా. మీరు పనిచూసుకుని వచ్చేదాకా కదలనిచ్చేదాన్నే కాదు."

"అప్పటికి నువ్వు పుట్టలేదే పిచ్చిదానా."

"అయితే ఏంటి? ఆపేసేదాన్ని. అంతే."

మళ్ళీ టీచర్ రోడ్డు వైపు తిరిగింది. దూరంగా బస్సు వస్తోంది. "ఇంగ్లీషులో చెప్పు" అంది.

పిల్ల కాసేపు ఆలోచించింది. పెదవులు కదిలించి చూసుకుంది. తర్వాత టీచర్ మొహంలోకి చూస్తూ, స్టాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేలా, గట్టిగా చెప్పింది: "టీచర్, ఐ స్టాప్ ద బస్ ఫర్ యు."

ఆవిడ అలవాటు కొద్దీ "మళ్ళీ" అనబోయింది. అనకుండానే ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.